చిన్నపిల్లలతో సముద్రం పక్కన కారు ప్రయాణం: ఏ రోడ్డు, ఎటు నుంచి, ఎక్కడ ఆగాలి?

రెండు గంటలుగా సముద్రం పక్కనే వెళ్తున్నాం. ఒకవైపు కిటికీ నిండా నీలమే. వెనక సీట్లోంచి మా నాలుగేళ్ళవాడు అడిగాడు: "నాన్నా, సముద్రం ఇంకెప్పుడొస్తుంది?"

కిటికీలోంచి చూపించాను. వాడు ఒకసారి అటు చూసి, మళ్ళీ అదే ప్రశ్న వేశాడు. వాడి లెక్కలో కాళ్ళకి తడి తగిలితేనే సముద్రం. కిటికీలో కనబడేది బొమ్మ.

చిన్నపిల్లలతో ఇలాంటి ప్రయాణానికి రోడ్డు ఎంచుకునేటప్పుడు నేను ఇప్పుడు ఆ ప్రశ్ననే కొలబద్దగా పెట్టుకుంటున్నాను. అందమైన సముద్రతీర రోడ్ల జాబితాలు చాలానే దొరుకుతాయి. అవన్నీ స్టీరింగ్ పట్టుకున్నవాళ్ళ కళ్ళతో, వ్యూ పాయింట్‌లో నిలబడి తీసిన ఫొటోలతో తయారైనవి. వెనక కూర్చున్న మూడేళ్ళ పిల్లకి వాటితో పనిలేదు. ఆ పిల్ల తరఫున చూస్తే అడగాల్సినవి రెండే. రోడ్డు మీద కారు ఆపాక ఇసుకలోకి దిగడానికి ఎంతసేపు పడుతుంది? అలా దిగగలిగే రెండు చోట్ల మధ్య ఎన్ని మలుపులున్నాయి? ఈ రెండింటికీ జవాబు బాగుంటే ఆ రోడ్డు పేరు ఎవరూ వినకపోయినా పర్వాలేదు.

ముందు వయసు, తరువాత రోడ్డు

పసిపాపతో కొండ అంచు రోడ్డు కష్టమని, నాలుగేళ్ళు దాటితే తేలికని చాలామంది అనుకుంటారు. మలుపుల విషయంలో ఇది తలకిందులు. రెండేళ్ళలోపు పిల్లలకి ప్రయాణంలో కడుపు తిప్పడం అరుదు. ఆ బాధ ఎక్కువగా ఉండేది రెండు నుంచి పన్నెండేళ్ళ మధ్య. లోచెవి "ఊగుతున్నాం, తిరుగుతున్నాం" అని మెదడుకి చెబుతుంటుంది. ముందు సీటు వీపుని మాత్రమే చూస్తున్న కళ్ళు "ఏమీ కదలడం లేదే" అంటాయి. ఆ రెండింటి తగవులో నష్టపోయేది కడుపు.

కాబట్టి ఇంట్లో ఒక్కరే పాపాయి, అదీ ఏడాదో ఏడాదిన్నరో అయితే, మీరు ఎప్పటి నుంచో అనుకుంటున్న ఆ ఘాట్ రోడ్డు లాంటి సముద్రతీరం చూసి రావడానికి నిజానికి ఇదే మంచి సమయం. పాపాయికి వచ్చే ఇబ్బంది వేరు. పిల్లల కోసం కారులో విడిగా బిగించే కార్ సీట్‌లో పసిపిల్లల్ని ఏకబిగిన రెండు గంటలకి మించి ఉంచకూడదు. పుట్టిన కొద్ది వారాలకైతే అరగంట దాటనివ్వకపోవడం మంచిది. వాలుగా కూర్చున్నప్పుడు తల ముందుకు వాలి ఊపిరి సరిగ్గా ఆడకపోవచ్చు. అంటే పాపాయితో మలుపులున్న రోడ్డు ఫర్వాలేదు కానీ పొడవాటి రోడ్డు వద్దు. మూడు నుంచి ఏడేళ్ళ పిల్లలకి సరిగ్గా దీనికి రివర్స్. తిన్నగా ఉంటే గంటన్నర అయినా కూర్చుంటారు. ఇరవై నిమిషాలు వంకరలు తిరిగితే ముఖం పాలిపోతుంది.

ఇక్కడ సముద్రమే కొంత మందు. నీళ్ళూ ఆకాశం కలిసే గీత దూరంగా, కదలకుండా ఉంటుంది. దాన్ని చూస్తూ కూర్చుంటే కళ్ళకీ చెవికీ రాజీ కుదురుతుంది. కాకపోతే పిల్లాడి తల కిటికీ మట్టానికి రావాలి. కూర్చునే ఎత్తు పెంచే బూస్టర్ సీట్‌కి వచ్చే వయసు పిల్లలకి ఆ ఎత్తు బాగా పనికొస్తుంది. అలాగని దృశ్యం కనబడుతుందని వెనక్కి తిరిగి కూర్చునే సీట్‌ని తొందరపడి ముందుకి తిప్పకండి. పిల్లల కార్ సీట్ల గురించి యూరప్‌లో ఉన్న ఆర్129 నిబంధన ప్రకారమే కనీసం 15 నెలల దాకా పిల్లలు వెనక్కి తిరిగి కూర్చోవాలి. ఆ సీట్‌కి రాసిపెట్టిన బరువు, ఎత్తు దాటేవరకూ అలాగే ఉంచమని పిల్లల డాక్టర్లు చెబుతారు. వ్యూ కోసం దాన్ని మార్చడం నాకైతే అర్థంలేని పని.

ట్యాబ్ గురించి మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. చివరికి కుదిరిన ఒప్పందం ఇది: తిన్నటి రోడ్డు మీద బొమ్మలు చూడొచ్చు, మలుపులు మొదలవగానే ఆపేసి కథలు వినాలి. పుస్తకం చదవడం, రంగులు వేయడం కూడా స్క్రీన్ కిందే లెక్క. తల కిందికి వంచి చూసే ప్రతిదీ కడుపు తిప్పేదే. ఇక మందులంటారా, డాక్టర్ని అడక్కుండా వద్దు. కొన్ని రకాలు రెండేళ్ళలోపు పిల్లలకి ఇవ్వకూడదు. ఇవ్వమన్నా సరే, మొదటిసారి ఇంటి దగ్గర వేసి చూడటం తెలివైన పని. ఎందుకంటే కొందరు పిల్లలకి ఆ మందుతో నిద్ర బదులు హుషారు ఎక్కుతుంది. మలుపుల రోడ్డు మీద ఆ హుషారు ఎవరికీ వద్దు.

పేరున్న రోడ్లలో ఏది ఎవరికి?

అన్నిటికన్నా ముందు ఆస్ట్రేలియాలోని గ్రేట్ ఓషన్ రోడ్. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు 1919 నుంచి 1932 దాకా కట్టిన రోడ్డు ఇది, దాదాపు 240 కిలోమీటర్లు. చిన్నపిల్లలున్నవాళ్ళు దీన్ని ఒకటిగా కాక రెండు రోడ్లుగా చూడాలి. టార్కీ నుంచి అపోలో బే దాకా ఒకటి. ఇందులో యాంగ్లిసీ, లార్న్ లాంటి ఊళ్ళు వరసగా తగులుతాయి, ఊరూరా ఇసుకలోకి దిగొచ్చు. కెన్నెట్ రివర్ దగ్గర చెట్ల మీద కోలాలు కనబడతాయి. లార్న్ దాటాక మలుపులు బాగా పెరుగుతాయి కానీ సముద్రం పక్కనే ఉంటుంది, ఆగడానికి చోట్లూ ఉంటాయి.

అపోలో బే దాటాక రెండో రోడ్డు మొదలవుతుంది. అది సముద్రాన్ని వదిలి ఆట్వే అడవుల్లోకి వెళ్ళి, మెలికలు తిరిగి, ట్వెల్వ్ అపోజిల్స్ అనే సున్నపురాతి స్తంభాల దగ్గర మళ్ళీ తీరానికి వస్తుంది. ఫొటోల్లో కనబడేవి అవే. పెద్దవాళ్ళకి అవి నిజంగానే అద్భుతం. పిల్లలకి కంచె వెనక నిలబడి చూసే దూరపు రాళ్ళు. లెక్కపెట్టడం అప్పుడే నేర్చుకున్న పిల్లలుంటే ఇంకో చిక్కు: పేరులో పన్నెండున్నాయి, అక్కడ అన్ని లేవు. ఉన్నవాటిలోనూ ఒకటి 2005లో కూలిపోయింది. "మిగతావి ఏవి?" అన్న ప్రశ్న మరుసటి రోజు దాకా నడుస్తుంది. మెల్‌బోర్న్ నుంచి పొద్దున్నే బయల్దేరి ఆ స్తంభాలు చూసి రాత్రికి తిరిగొచ్చే ఒకరోజు ప్రయాణం ఆరేళ్ళలోపు పిల్లలతో మాత్రం పెట్టుకోకండి. రోజంతా సీట్ బెల్ట్‌లోనే గడిచిపోతుంది. మొదటి సగంలోనే రెండు మూడు రాత్రులు ఉండి, రెండో సగాన్ని పిల్లలు పెద్దయ్యాకకి వాయిదా వేయండి.

దీనికి పోటీగా అందరూ చెప్పేది కాలిఫోర్నియాలోని హైవే వన్, అందులోనూ బిగ్ సర్ భాగం. కార్మెల్ నుంచి శాన్ సిమియన్ దాకా దాదాపు 145 కిలోమీటర్లు. అందంలో గ్రేట్ ఓషన్ రోడ్ కన్నా ఒక మెట్టు పైనే అంటాను. కానీ పిల్లల కొలబద్దతో చూస్తే చాలా కింద. రోడ్డు కొండ మీద ఉంటుంది, సముద్రం ఎక్కడో కింద. మెక్‌వే జలపాతం ఇసుక మీద పడే దృశ్యం ఎంతో బాగుంటుంది, ఆ ఇసుకలోకి దిగనివ్వరు. నీళ్ళు చూపించి, ఇసుక చూపించి, రెండూ ముట్టుకోకూడదని మూడేళ్ళ పిల్లకి చెప్పాల్సి వచ్చే చోటు అది. చాలా దూరం ఫోన్ సిగ్నల్ ఉండదు, పెట్రోల్ బంకులు తక్కువ. పైగా అక్కడ కొండచరియలు విరిగిపడటం మామూలు. 2017 మేలో మడ్ క్రీక్ దగ్గర కొండ జారితే రోడ్డు మళ్ళీ తెరిచింది 2018 జూలైలో. మధ్యలో మూసేస్తే వచ్చిన దారినే వెనక్కి రావాలి. బయల్దేరే ముందురోజు రోడ్డు తెరిచి ఉందో లేదో చూసుకోవడం ఇక్కడ తప్పనిసరి.

అయితే ఆ రోడ్డు రెండు కొసలూ పిల్లలకి బంగారం. పైన మాంటరేలో అక్వేరియం ఉంది, ఓటర్ అనే సముద్రపు నీటిపిల్లులు, ఎత్తైన తొట్టిలో ఊగే సముద్రపు నాచు అడవి ఉంటాయి. కింద శాన్ సిమియన్ దగ్గర పియెడ్రాస్ బ్లాంకాస్‌లో ఏనుగు సీల్స్ ఒడ్డున గుంపుగా పడుకుని ఉంటాయి. చదునైన చెక్క బాట మీంచి స్ట్రాలర్ తోసుకుంటూ చూడొచ్చు. అవి చేసే మోతకి పిల్లలు కదలరు. నన్నడిగితే పై కొస నుంచి బిక్స్‌బీ వంతెన దాకా వెళ్ళి, ఫొటో తీసుకుని, తిరిగి మాంటరే వచ్చేయాలి. కింది కొసకి కావాలంటే లోపలి హైవే మీదుగా వెళ్ళాలి. బిగ్ సర్ మొత్తం నడిపించడం, మధ్యమధ్య ఆగుతూ వెళ్తే, పాపాయి ఉన్నవాళ్ళకి సరే, మూడు నాలుగేళ్ళ పిల్లలకి శిక్ష.

స్కాట్లండ్‌లోని నార్త్ కోస్ట్ 500 సంగతి వేరు. ఇన్వర్‌నెస్‌లో మొదలై అక్కడికే చేరే చుట్టు, 516 మైళ్ళు. అక్మెల్విచ్ లాంటి తెల్లటి ఇసుక తీరాలు పిల్లలకి ఎంతో బాగుంటాయి. అలసట అంతా నడిపేవాళ్ళది. చాలాచోట్ల ఒకే బండి పట్టే రోడ్డు. ఎదురుగా బండి వస్తే పక్కన కట్టిన చిన్న జాగాలోకి తప్పుకోవాలి, ఒక్కోసారి వెనక్కి నడపాలి. వెనక పిల్లలు గొడవ పడుతుంటే ఇది అంత తేలిక కాదు. ఆపిల్‌క్రాస్‌కి వెళ్ళే బియాలక్ న బా కనుమ 626 మీటర్ల ఎత్తుకి హెయిర్‌పిన్ మలుపులతో ఎక్కుతుంది. దాన్ని వదిలేసి షీల్డెయిగ్ వైపు తీరం దారి పట్టండి. ఇంకో సంగతి కూడా ఉంది. జూన్‌లో అక్కడ రాత్రి పది దాటాక గానీ పొద్దు గుంకదు. "ఇంకా పగలే కదా" అనే పిల్లల్ని పడుకోబెట్టడానికి దళసరి కర్టెన్ ఒకటి సంచిలో ఉండాలి. వేసవిలో మిడ్జ్ అనే చిన్న పురుగుల బెడద కూడా ఉంటుంది. మొత్తం చుట్టు పెట్టుకోకుండా పడమటి తీరంలో ఒక ముక్క ఎంచుకుంటే చాలు.

ఇటలీ అమాల్ఫీ తీరం రోడ్డుని నేను చిన్నపిల్లలున్నవాళ్ళకి అసలు చెప్పను. ఇరుకు, బస్సులు, సీజన్‌లో నంబర్ ప్లేట్ సరి బేసి ఆంక్షలు, పార్కింగ్ కోసం వెతుకులాట. తీరా దిగితే చాలాచోట్ల గులకరాళ్ళు. సలెర్నోలో కారు వదిలేసి పడవెక్కితే అదే తీరం సముద్రం మీంచి కనబడుతుంది, పిల్లలకి పడవ ప్రయాణం దక్కుతుంది.

నార్వే అట్లాంటిక్ రోడ్డు గురించి జనం "అంతేనా, ఇంత చిన్నదా" అని పెదవి విరుస్తారు. 8.3 కిలోమీటర్లు, ఎనిమిది వంతెనలు, 1989లో తెరిచారు. చిన్నపిల్లలకి ఆ చిన్నతనమే వరం! వంతెనలు లెక్కపెట్టడం పూర్తయ్యేసరికి రోడ్డు అయిపోతుంది. మధ్యలో ఎల్డ్‌హుసోయా దీవి చుట్టూ స్ట్రాలర్ వెళ్ళే బాట ఉంది. గాలి బాగా వీచే చోటు కాబట్టి చెవులు కప్పే టోపీలు తప్పవు.

ఐస్‌లాండ్‌లో దక్షిణ తీరం రెయ్నిస్‌ఫ్యారా నల్ల ఇసుక ఫొటోలు చూసి ఆశపడతారు. అక్కడ చెప్పా పెట్టకుండా పెద్ద కెరటం వచ్చి మనుషుల్ని లాక్కెళ్ళిన ప్రమాదాలు జరిగాయి. పరిగెత్తే వయసు పిల్లలతో అక్కడ దిగకండి. ఆ దేశంలో ఊరూరా ఉండే వేడినీటి ఈత కొలనులు చాలు, పిల్లలు వాటినే గుర్తుపెట్టుకుంటారు.

ఎటు నుంచి ఎటు?

దీన్ని చాలామంది పట్టించుకోరు కానీ ప్రయాణం తీరే మారిపోతుంది. ఎడమవైపు నడిపే దేశంలో సముద్రం మీ ఎడమన ఉండాలి. కుడివైపు నడిపే దేశంలో కుడిన ఉండాలి. అప్పుడు ఆగే చోట్లన్నీ మీ వైపే వస్తాయి. ఎదురు బండ్లకి అడ్డంగా తిరగక్కర్లేదు. పిల్లాడు ఉన్నట్టుండి "ఇప్పుడే ఆపు" అన్నప్పుడు ఆ తేడా తెలుస్తుంది. ఈ లెక్కన గ్రేట్ ఓషన్ రోడ్‌ని టార్కీ నుంచి పడమటికి, హైవే వన్‌ని ఉత్తరం నుంచి దక్షిణానికి, నార్త్ కోస్ట్ 500ని గడియారం ముల్లు తిరిగే దిక్కున, ఐర్లండ్ పడమటి తీరాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి నడపాలి.

దీనికో చిన్న ఇబ్బంది ఉంది. తీరం పడమటి వైపున ఉంటే మధ్యాహ్నం ఎండ అంతా సముద్రం వైపు కిటికీలోంచే పడుతుంది. కాబట్టి మంచి సీటని పాపాయిని అటు కూర్చోబెడితే ఎండకి ఏడుస్తుంది, తెర కడితే సముద్రం కనబడదు. మేం పొద్దున పూటే నడపడంతో దీన్ని తప్పించుకుంటున్నాం. ఇంకోటి, ఎత్తులంటే భయం ఉన్నవాళ్ళు పక్క సీట్లో ఉంటే లోయ అంచు సరిగ్గా వాళ్ళ కిందే ఉంటుంది. మా ఆవిడ ఒకసారి అలాంటి రోడ్డు మీద కళ్ళు మూసుకుని కూర్చుంది. అలాంటివాళ్ళుంటే ఈ సూత్రాన్ని వదిలేసి ఎదురు దిక్కున, అంటే బండి కొండ వైపు ఉండేలా నడపండి, నష్టం లేదు.

రోజుకో ఊరా, ఒకే ఊళ్ళో మకామా?

మకామే. ఐదేళ్ళలోపు ఇద్దరు పిల్లలుంటే దీని మీద నాకు సందేహమే లేదు. రోజుకో ఊరంటే రోజూ సామాను సర్దాలి, రోజూ కొత్త మంచం మీద నిద్రపుచ్చాలి, రోజూ తడి బట్టలు ఆరేలోపే మూట కట్టాలి. ఒకే చోట మూడు రాత్రులుండి, ఒక రోజు అటు, ఒక రోజు ఇటు నలభై కిలోమీటర్లు వెళ్ళిరావడం వల్ల చూసే దూరం తగ్గుతుంది, అంతే. పైగా వాన పడితే ఆ రోజు బయటికి వెళ్ళడం మానుకోవచ్చు. ముందే బుక్ చేసిన తరువాతి ఊరి హోటల్ అలా మానుకోనివ్వదు.

పిల్లలు ఏడేళ్ళు దాటి, వాళ్ళ సంచి వాళ్ళే మోసే దశకి వచ్చాక ఊళ్ళు మారడం వాళ్ళకే సరదా. అప్పుడు కూడా రెండేసి రాత్రులు ఉంటే మంచిది.

కాంపర్ వ్యాన్ ఈ రెండింటికీ మధ్యలోది: ఊరు మారుతుంది, మంచం మారదు. డైపర్ మార్చడానికి, అన్నం వేడి చేయడానికి ఎక్కడపడితే అక్కడ ఇల్లుంటుంది. కానీ ఇరుకు రోడ్డు మీద అది నరకం. ఇంకా ముఖ్యంగా, వెనక సీట్లకి కార్ సీట్ బిగించే ఏర్పాటు ఉందో లేదో ముందే అడిగి తెలుసుకోండి. కొన్ని వ్యాన్లలో సీట్లు పక్కకి తిరిగి ఉంటాయి, వాటిలో పిల్లల సీటు పెట్టకూడదు. తీరం వెంట చదును రోడ్డు, పిల్లలు ఇద్దరు, వారం పైన సమయం ఉంటే వ్యాన్ తీసుకోండి. మిగతా అందరికీ మామూలు కారే.

ఏ తీరంలో దిగాలి?

చిన్నపిల్లలకి పేరున్న అలల తీరం కన్నా నది సముద్రంలో కలిసేముందు ఏర్పడే నిలకడ నీళ్ళూ, రెండువైపులా కొండలు పొదువుకున్న చిన్న అఖాతాలూ మేలు. మోకాలి లోతులో గంటలు గడుస్తాయి. పిచ్చుకగూళ్ళు కట్టడానికి తడి ఇసుక కావాలి కాబట్టి నీళ్ళు వెనక్కి తగ్గుతున్న సమయానికి చేరుకోండి. చాలా తీరాల్లో రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు వస్తాయి. ఇవాళ వచ్చిన సమయానికి రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యం. ఈ ఒక్క లెక్క తెలిస్తే మూడు రోజుల మకాంలో ఏ రోజు ఎప్పుడు దిగాలో తేలిపోతుంది. రాళ్ళ గుంటల్లో పీతల్ని, నత్తల్ని చూపించడానికి కూడా నీళ్ళు బాగా తగ్గిన సమయమే మంచిది. తిరిగి పోటు ఎప్పుడు మొదలవుతుందో చూసుకుని, దానికి ముందే బయటికి వచ్చేయాలి.

లైఫ్‌గార్డులుండే తీరాల్లో సగం ఎరుపు సగం పసుపు జెండాలు రెండు పాతి ఉంటే ఆ రెంటి మధ్యే నీళ్ళలోకి దిగాలి. నిండు ఎరుపు జెండా కనబడితే ఇసుకతోనే సరి. రెండు వైపులా అలలు విరుగుతుంటే మధ్యలో ఒక పట్టీ మాత్రం నునుపుగా, ప్రశాంతంగా కనబడితే పిల్లల్ని అటు తీసుకెళ్ళకండి. లోపలికి లాగే ప్రవాహం తరచు అక్కడే ఉంటుంది. అలల్లేవు కదా అని కొత్తవాళ్ళు దిగేది సరిగ్గా అక్కడికే.

ఆరునెలల్లోపు పాపాయికి సన్‌స్క్రీన్ కన్నా నీడ, పొడుగు చేతుల బట్టలు, టోపీ నమ్ముకోవాలి. పెద్దపిల్లలకి రాసినది రెండు గంటలకోసారి, నీళ్ళలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్ళీ రాయాలి. నిద్రపోయిన పిల్లని "ఐదు నిమిషాలే కదా" అని కార్లో వదిలి వ్యూ పాయింట్ చూడటానికి దిగకండి. ఎండలో ఆపిన కారులో పది నిమిషాల్లోనే వేడి పది డిగ్రీల దాకా పెరగొచ్చు, పిల్లల ఒళ్ళు పెద్దవాళ్ళ కన్నా చాలా త్వరగా వేడెక్కుతుంది. ఒకరు దిగి చూసొచ్చాక ఇంకొకరు దిగండి.

తిరుగు ప్రయాణం

వెళ్ళేటప్పుడు తీరం, వచ్చేటప్పుడు లోపలి హైవే. పిల్లలు అలిసిపోయి ఉంటారు, మీకు మలుపుల మీద మోజు తీరిపోయి ఉంటుంది. గ్రేట్ ఓషన్ రోడ్‌కి కోలాక్ మీదుగా వెళ్ళే హైవే ఉంది, హైవే వన్‌కి లోపల 101 ఉంది. చివరి రోజు పొద్దున ఒక గంట నీళ్ళలో ఆడనిచ్చి, ఒళ్ళు కడిగి, పొడి బట్టలు వేసి, మధ్యాహ్నం నిద్ర వేళకి బయల్దేరితే మొదటి గంటన్నర కారులో చప్పుడుండదు. ఇసుక మాత్రం సీట్ల సందుల్లో ఇంకో రెండు నెలలుంటుంది. కార్ సీట్ బకిల్‌లోకి దూరిన ఇసుకని బయల్దేరేముందే దులపండి. అది సరిగ్గా క్లిక్‌మని బిగుసుకుంటోందో లేదో చూశాకే బండి కదపండి.